అనాతోతు పొలం: వాగ్దానానికీ నెరవేర్పుకూ నడుమ విశ్వాసం

డిసెంబరు 31 రాత్రి తెలుగునాట అనేక క్రైస్తవ సంఘాలలో జరిగే వాచ్‌నైట్ ఆరాధన ముగింపులో, రాబోయే సంవత్సరానికి గాను ఒక బైబిలు వచనాన్ని దేవుని వాగ్దానంగా స్వీకరించే ఆచారం ఉంది. కొన్ని సంఘాలలో కాపరి అందరికీ ఒకే వచనాన్ని ప్రకటిస్తే, మరికొన్నింటిలో చిన్న కార్డులపై ముద్రించిన వచనాలను విశ్వాసులు ఎవరికి వారు తీసుకుంటారు. ఆ కార్డులపైనా గోడ క్యాలెండర్లపైనా తరచుగా కనిపించే వచనాలలో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనం ఒకటి. దేవుడు తన ప్రజల విషయమై తలపోస్తున్నది హాని కాదనీ సమాధానమనీ, వారి రేపటికి నిరీక్షణ ఉందనీ ఆ వచనం చెబుతుంది. మాట ఇచ్చినవాని నమ్మకత్వాన్ని ఆధారం చేసుకొని సాగే ఎదురుచూపును క్రైస్తవ పరిభాషలో నిరీక్షణ అంటారు. ఆ కార్డు ఇంటికి తెచ్చుకున్న ఏడాదిలోనే ఉద్యోగం పోయిన కుటుంబాలు, వ్యాధి తిరగబెట్టిన ఇళ్లు, బిడ్డను మట్టిలో పెట్టిన తల్లిదండ్రులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారు బయటికి అడగలేక లోలోపల అడుగుకొనే ప్రశ్న ఒకటే: వాగ్దానం తప్పిందా, లేక తమ విశ్వాసం చాలలేదా? ఈ ప్రశ్నకు జవాబును ఆ వచనం పుట్టిన చోటనే వెదకడం న్యాయం.

క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యెరూషలేమును లోబరచుకొని, పద్దెనిమిదేళ్ల వయసులో సింహాసనమెక్కి మూడు నెలలు మాత్రమే ఏలిన యెహోయాకీను రాజును, అతని తల్లిని, అధికారులను, శిల్పులను, కమ్మరులను బబులోనుకు తరలించాడు. ఓడిన జాతిలో పనికివచ్చేవారిని స్వదేశం నుండి పెకలించి పరదేశంలో స్థిరపరిచే ఈ శిక్షనే బైబిలు చెర అంటుంది. యెరూషలేములో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త, బబులోనుకు రాయబారులుగా వెళుతున్న ఇద్దరి చేత ఆ చెరవారికి పంపిన ఉత్తరమే 29వ అధ్యాయం. ఇళ్లు కట్టుకొని కాపురముండమని, తోటలు నాటి వాటి ఫలాలు తినమని, పెళ్లిళ్లు చేసుకొని బిడ్డలకు కూడా పెళ్లిళ్లు చేయమని, తమను చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించమని ఆ ఉత్తరం ఆదేశించింది. 11వ వచనానికి సరిగ్గా ముందున్న 10వ వచనం, బబులోనుకు 70 సంవత్సరాలు నిండిన తరువాతనే దేవుడు వారిని తిరిగి రప్పిస్తాడని చెప్పింది. ఈ 70 ఏళ్లను ఎక్కడి నుండి లెక్కించాలన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. అయితే ఉత్తరం విన్నవారికి లెక్కతో పని లేదు. చెరలోకి నడిచి వచ్చిన పెద్దవారు తమ ఎముకలు అక్కడే కలుస్తాయని ఆ మాటతోనే గ్రహించి ఉంటారు. నేడు ఇంతమందికి ఇష్టమైన ఆ వాగ్దానం, మొదట విన్నవారిలో అధికసంఖ్యాకులకు తమ జీవితకాలంలో నెరవేరని వాగ్దానంగానే అందింది.

ఆ ఉత్తరంలోని సలహా గాలికి పోలేదని మట్టి పలకలు సాక్ష్యమిస్తున్నాయి. బబులోను శిథిలాలలో దొరికి 1939లో ప్రకటితమైన పలకలలో యూదా రాజు యెహోయాకీనుకూ అతని అయిదుగురు కుమారులకూ రాజభాండారం నుండి ఇచ్చిన నూనె కొలతలు నమోదై ఉన్నాయి. యూదావారి పట్టణం అనే అర్థమిచ్చే పేరుగల ఒక గ్రామానికి సంబంధించిన మరికొన్ని పలకలలో, యూదా నుండి వచ్చినవారి సంతతి పొలాలు సాగుచేసుకోవడం, పన్నులు కట్టడం, అప్పులు రాసుకోవడం, వివాహపు ఒప్పందాలు చేసుకోవడం కనిపిస్తుంది. వాటిలో ఎందరో పేర్లలో ఇశ్రాయేలు దేవుని నామం కలిసి ఉంది. పరాయి నేలపై పంట పండిస్తూనే బిడ్డలకు తమ దేవుని పేరు పెట్టుకున్న ఆ సామాన్యుల ఓర్పు, క్రైస్తవ ప్రసంగాలలో దక్కవలసినంత గౌరవాన్ని ఇంకా పొందలేదు.

యిర్మీయా మాటకు పోటీగా మరొక మాట కూడా అప్పుడు ప్రచారంలో ఉంది. యెహోయాకీను తరువాత యూదా రాజైన సిద్కియా ఏలుబడిలోని నాలుగవ సంవత్సరంలో గిబియోను వాడైన హనన్యా అనే ప్రవక్త, యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట మందిరంలో నిలిచి, రెండేళ్లలోగా బబులోను కాడి విరిగిపోతుందని, దోచుకుపోయిన మందిరపు పాత్రలూ యెహోయాకీను రాజూ తిరిగి వస్తారని దేవుని పేరిట ప్రకటించాడు. రానున్న దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడపై మోస్తున్న కొయ్య కాడిని లాగి విరిచివేశాడు కూడా. హనన్యా మాట విన్నప్పుడు యిర్మీయా ముందుగా పలికినది ఆమేన్ అనే మాట. అనగా అలాగే జరుగును గాక అని. తన ప్రజలు త్వరగా తిరిగి రావాలని అతడూ మనసారా కోరుకున్నాడు. అయినా కోరికను దేవుని మాటగా చలామణి చేయడానికి అతడు ఒప్పుకోలేదు. కాడి విరిచినప్పుడు వాదించకుండా అక్కడి నుండి వెళ్లిపోయాడు. తరువాత దేవుని వాక్కు అందినప్పుడే తిరిగి వచ్చి, కొయ్య కాడికి బదులు ఇనుప కాడి రానున్నదని చెప్పాడు. విశ్వసిస్తే ఆరోగ్యం, సంపద, విజయం తప్పక వచ్చి తీరతాయని బోధించే నేటి సమృద్ధి సువార్త, అనగా భక్తిని లౌకిక లాభానికి ముందస్తు చెల్లింపుగా చూపే బోధ, హనన్యా వారసత్వానికి చెందినదే. అతని ప్రవచనంలో దేవుని పేరు ఉంది, గడువు కూడా ఉంది. ఆ గడువును దేవుడు ఇవ్వలేదు.

ఇటువంటి వేళ వాగ్దానాన్ని నమ్మడమంటే ఆచరణలో ఏమి చేయడమో తెలుసుకోవాలంటే అదే గ్రంథంలోని 32వ అధ్యాయం చదవాలి. అది సిద్కియా ఏలుబడిలోని పదవ సంవత్సరం, క్రీస్తుపూర్వం 587 ప్రాంతం. కల్దీయుల సైన్యం, అనగా బబులోను సేన, యెరూషలేమును చుట్టుముట్టి మట్టి దిబ్బలు కడుతున్నది. నడుమ ఐగుప్తు సేన వస్తున్నదన్న వార్తకు ముట్టడి కొన్నాళ్లు సడలినప్పుడు యిర్మీయా బెన్యామీను దేశంలోని తన భాగం నిమిత్తం బయలుదేరగా, శత్రువులలో చేరబోతున్నాడన్న నింద మోపి పట్టణ ద్వారం దగ్గరనే పట్టుకొని కొట్టి బంధించారు. తరువాత రాజు ఆజ్ఞతో అతణ్ణి కావలివారి ఆవరణలో ఉంచి, పట్టణంలో రొట్టె ఉన్నంతకాలం రొట్టెలు కాల్చేవారి వీధి నుండి రోజుకొక రొట్టె ఇప్పించారు. ఆ స్థితిలో ఉన్న యిర్మీయా దగ్గరికి పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలం కొనుక్కోమని, విమోచన హక్కు అతనిదేనని చెప్పాడు. బంధువు బీదవాడై స్వాస్థ్యమైన భూమిని వదులుకోవలసి వస్తే, అది వంశం చేజారకుండా దగ్గరి చుట్టం దానిని కొని నిలపాలన్న ధర్మశాస్త్ర నియమమే విమోచన హక్కు. లేవీయకాండం 25వ అధ్యాయం దీనిని వివరిస్తుంది. హనమేలు ఆ గడియలోనే ఎందుకు అమ్మజూపాడో గ్రంథం చెప్పదు గాని, ముట్టడిలో ఉన్నవానికి పొలం కంటే వెండి అక్కరకు వస్తుందని ఊహించడం కష్టం కాదు.

ఆ పొలం యిర్మీయాకు ఏ లెక్కన చూసినా పనికిరాదు. అనాతోతు యెరూషలేముకు ఈశాన్యంగా అయిదు కిలోమీటర్ల లోపే ఉన్న యాజకుల గ్రామం. పట్టణాన్ని ముట్టడించిన సైన్యం చేతికి ఆ చుట్టుపక్కల నేలంతా అప్పటికే చిక్కింది. పైగా ఆ ఊరివారే ఒకనాడు యిర్మీయా ప్రాణం తీయజూచారని అదే గ్రంథం 11వ అధ్యాయంలో ఉంది. అన్నింటికీ మించి, రానున్న వినాశానికి గుర్తుగా పెళ్లి చేసుకోకూడదని, బిడ్డలను కనకూడదని దేవుడు అతనికి ఆజ్ఞాపించాడు కనుక, ఆ పొలానికి వారసుడు లేడు, పుట్టబోడు కూడా. అయినా అతడు 17 షెకెలుల వెండి తూచి ఇచ్చాడు. షెకెలు ఆనాడు యూదాలో నాణెం పేరు కాదు, తూకం పేరు. సుమారు 11 గ్రాములు గల ఆ తూకం లెక్కన మొత్తం వెండి 190 గ్రాములకు కాస్త అటూ ఇటూ అవుతుంది.

క్రయం జరిగిన తీరును బైబిలు ఎంత వివరంగా రాసిందంటే, పాత నిబంధనలో భూమి కొనుగోలు పత్రాల గూర్చి ఇంతటి వర్ణన మరొకటి కనబడదు. యిర్మీయా పత్రం మీద చేవ్రాలు పెట్టి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించి, త్రాసుతో వెండి తూచాడు. ముద్ర వేసిన ప్రతినీ ముద్ర లేని ప్రతినీ నేరీయా కుమారుడు బారూకు చేతికి ఇచ్చి, బహుకాలం చెడిపోకుండా మట్టి కుండలో దాచమన్నాడు. బారూకు యిర్మీయా మాటలను వ్రాసిపెట్టే లేఖకుడు. ఒకే ఒప్పందాన్ని మూసిన ప్రతిగా ఒకటి, తెరిచిన ప్రతిగా ఒకటి రాసే పద్ధతి ఆ ప్రాంతంలో ఎంతో కాలం నిలిచింది. మృతసముద్రం దగ్గరి గుహలో 1961లో బయటపడిన, క్రీస్తుశకం 2వ శతాబ్దపు యూదు స్త్రీ బబథా పత్రాలలోనూ అటువంటివి ఉన్నాయి. ఆ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారు, అమ్ముతారు అన్న దేవుని మాటను చెరసాలలో ఉన్న మనిషి కార్యాలయపు పద్ధతి తప్పకుండా, సాక్షుల ఎదుట, సొంత వెండితో నమ్మాడు. అతని విశ్వాసం ఆవేశం రూపంలో బయటపడలేదు, బాధ్యతగల ఒక లావాదేవీ రూపంలో బయటపడింది.

అంతటితో కథ ముగిస్తే యిర్మీయాను రాతి మనిషిని చేసినట్లవుతుంది. పత్రం బారూకు చేతికి ఇచ్చిన తరువాత అతడు చేసిన ప్రార్థన అదే అధ్యాయంలో ఉంది. ఆకాశాన్నీ భూమినీ సృజించిన దేవునికి అసాధ్యమైనది ఏదీ లేదని మొదలుపెట్టి, ఐగుప్తు విడుదల నుండి అన్నీ గుర్తుచేసుకొని, చివరికి అతడు తన కలవరాన్ని దాచకుండా దేవుని ముందు పెట్టాడు: దిబ్బలు పట్టణం దాకా వచ్చాయి, కరవూ తెగులూ లోపల ఉన్నాయి, పట్టణం కల్దీయుల చేతికి అప్పగించబడుతున్నది, ఈ వేళ పొలం కొనమన్నావే అని. ప్రశ్న తీరిన తరువాత అతడు పొలం కొనలేదు, కొన్న తరువాత కూడా ప్రశ్న మిగిలే ఉంది. దేవుడు ఆ ప్రశ్నను గద్దించలేదు. పట్టణం నిజంగానే కాలిపోతుందని, ఆ తరువాతనే పునరుద్ధరణ అని జవాబిచ్చాడు. సందేహం మనసులో పుట్టిన మాత్రాన విశ్వాసం చచ్చిపోయిందని భయపడే వారికి ఈ ప్రార్థన గొప్ప ఆదరణ. బైబిలులోని 150 కీర్తనలలో మొరపెట్టే కీర్తనలు అన్ని రకాలకంటే ఎక్కువ. వాటిని ఆరాధనలో చదవడం మానివేసి స్తుతి కీర్తనలను మాత్రమే పాడే సంఘం, దుఃఖంలో ఉన్న సభ్యునికి దేవునితో మాట్లాడే భాషను దూరం చేస్తున్నది.

తరువాత జరిగినది చరిత్రకు తెలుసు. యెరూషలేము కూలింది, మందిరం కాలింది. మిగిలిన జనం యిర్మీయా మాటకు విరుద్ధంగా అతణ్ణి ఐగుప్తులోని తహపనేసుకు తీసుకుపోయారు; అతని మరణం గురించి బైబిలు ఏమీ చెప్పదు. అతడు ఆ పొలంలో ఒక్కసారైనా అడుగు పెట్టినట్లు ఎక్కడా లేదు. క్రీస్తుపూర్వం 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచి, మరుసటి ఏడాది చెరవారు తిరిగి వెళ్లేందుకు అనుమతించాడు. తిరిగి వచ్చినవారి పట్టిక ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలోనూ నెహెమ్యా గ్రంథం ఏడవ అధ్యాయంలోనూ ఉంది. పేర్లూ సంఖ్యలూ తప్ప మరేమీ లేని ఆ పట్టికలను చాలామంది దాటవేస్తారు గాని, రెండింటిలోనూ అనాతోతు వారు 128 మంది అని రాసి ఉంది.

క్రైస్తవ విశ్వాసం ఈ చరిత్రను క్రీస్తు వెలుగులో చదువుతుంది. సిలువ మరణం తరువాత ఎమ్మాయు గ్రామానికి నడిచిపోతున్న ఇద్దరు శిష్యులు, ఇశ్రాయేలును విమోచించబోయేవాడు ఆయనేనని తాము నిరీక్షించామని భూతకాలంలో చెప్పుకోవడం లూకా సువార్త చివరి అధ్యాయంలో ఉంది. పక్కన నడుస్తున్నవాడు పునరుత్థానుడైన ప్రభువేనని వారికి తెలియదు. వాగ్దానం తప్పిందని వారు ఏ సంఘటనను చూసి అనుకున్నారో, ఆ సంఘటనలోనే అది నెరవేరింది. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులోనే అవును అన్నట్లుగా ఉన్నాయని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో చెప్పినదానికి అర్థం, ప్రతి కోరికకూ దేవుడు అవునంటాడని కాదు. పాపక్షమాపణ, దేవుని సన్నిధి, మరణంపై విజయం, నూతన సృష్టి అనే వాగ్దానాలకు క్రీస్తు వ్యక్తిత్వమే హామీ అని. ఆ మాట రాసిన పౌలు అదే పత్రికలో, తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదని, కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చిందని చెప్పుకున్నాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరులను వరుసగా పేర్కొని, వారు వాగ్దాన ఫలాన్ని అనుభవించకుండానే, దూరం నుండి చూసి వందనం చేసి మరణించారని నిస్సంకోచంగా చెబుతుంది.

తెలుగు నేలకు ఈ విషయం పరాయిది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి 1840 నుండి నెల్లూరులో పనిచేశాడు. ఏళ్ల తరబడి శ్రమించినా సంఘంలో చేరినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే కావడంతో, ఆ పనిని ఆపివేయాలా అన్న చర్చ స్వదేశంలో ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగింది. ఒంటరిగా మిగిలిన ఆ కేంద్రానికి లోన్ స్టార్, అనగా ఒంటరి నక్షత్రం, అనే పేరు స్థిరపడింది. డే సహచరుడు లైమన్ జ్యూవెట్ 1854 జనవరి 1 తెల్లవారుజామున కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండపై ప్రార్థించాడు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు పల్లె పల్లెకు నడిచి చెప్పినందువల్లనే తరువాతి ఉద్యమం వేళ్లూనింది. ఆ చరిత్రలో వారికి రావలసిన స్థానం మిషనరీల పేర్ల వెనుక మరుగునపడటం విచారకరం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. శామ్యూల్ డే అప్పటికి లేడు. ఆరోగ్యం చెడి 1853లో అమెరికాకు తిరిగి వెళ్లిన ఆయన 1871లో చనిపోయాడు.

ఆ సంఖ్యను వాగ్దాన నెరవేర్పుకు రుజువుగా చూపించి సంతృప్తిపడటం పొరపాటు. అంతకుముందు రెండేళ్లు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన 1876-78 కరవులో లక్షలాది జనం ఆకలితో మరణించారు. ఆనాటి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని, అడిగినవారికి సైతం పదిహేను నెలలు బాప్తిస్మం ఇవ్వకుండా నిలిపివేశాడు. ఆ సంఖ్య కంటే ఈ నిగ్రహం విలువైనది. కరవులో పోయిన విశ్వాసుల నమ్మకం, బతికి నదీతీరానికి చేరినవారి నమ్మకం కంటే ఏ విధంగానూ తక్కువది కాదు. జరిగిన మేలుతో విశ్వాసాన్ని కొలిచే తూకం బైబిలులో లేదు.

కనుక సంఘాలను నడిపించే కాపరులూ పెద్దలూ ఒక విషయంలో జాగ్రత్త వహించాలి. స్వస్థత కోసం ప్రార్థించినా మరణం వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు, విశ్వాసంలో లోపం ఎక్కడుందని వెదకడం గాని, దేవుడు ఇంతకంటే మంచిది త్వరలోనే ఇస్తాడని గడువు పెట్టడం గాని తగదు. మొదటిది యోబు స్నేహితులు చేసిన తప్పు, రెండవది హనన్యా చేసిన తప్పు. ఆ ఇంటివారితో కలిసి మొరపెట్టే కీర్తన ఒకటి చదవడం, ఆగిపోయిన పిల్లల చదువుకు ఫీజు కట్టడం, ఆసుపత్రి బాకీ తీర్చడంలో చేయి కలపడం వంటి పనులు నోటితో చెప్పే ఆదరణకు బలమిస్తాయి. ఇక జీవితం అనుకున్నట్లు సాగక నలుగుతున్న శ్రోతలెవరైనా ఉంటే, వారు 29వ అధ్యాయంలోని ఒక్క వచనం దగ్గరే ఆగిపోకుండా, 32వ అధ్యాయాన్ని యిర్మీయా ప్రార్థనతో సహా ఈ రాత్రే పూర్తిగా చదవవలసిందిగా మనవి.